పూడ్చేసిన చోటే డాక్ బలం

గోడౌన్ ముందు లారీ వెనక్కి వస్తుంటుంది. క్లీనర్ కిందికి దిగి, అరచేత్తో బండి పక్క తడుతూ "రానీ... రానీ..." అంటాడు. చివరి అడుగు దూరం దాటి లారీ డాక్ గోడకు ఆనుకుంటుంది. తలుపులు తెరుచుకుంటాయి, ఫోర్క్‌లిఫ్ట్ అంచు దాటి లారీలోకి వెళ్తుంది, ప్యాలెట్ ఎత్తుకుని తిరిగొస్తుంది. బండి ఖాళీ అయ్యేదాకా ఇదే రాకపోక. ఒక బండి వెళ్లగానే మరొకటి వస్తుంది. పాత ఇళ్ల ముందు మనుషులు కూర్చోవడానికి అరుగు ఉండేది. గోడౌన్‌కు డాక్ అలాంటి అరుగే. లోపలి నేలను లారీ తొట్టి ఎత్తుకు తెచ్చి, మధ్యలో దిగుడు లేకుండా సరుకును దాటించడం దాని పని. మిగతా కట్టడం ఎంత బాగున్నా, ఈ అరుగు దెబ్బతింటే గోడౌన్ పని ఆగిపోతుంది.

మన దగ్గర ఈ ప్రశ్న కొత్తగా బరువెక్కింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక, పన్నుల కోసం రాష్ట్రానికో చిన్న గోడౌన్ పెట్టుకోవాల్సిన అవసరం తగ్గింది. కంపెనీలు తక్కువ చోట్ల పెద్ద గోడౌన్లకు మళ్లాయి. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వెంట మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్ వైపు అలాంటివి లేచాయి. మంగళ్‌పల్లి, బాటసింగారంలో లాజిస్టిక్స్ పార్కులు వచ్చాయి. పాత గోడౌన్ల అరుగులు హమాలీ వీపు కోసం కట్టినవి. బస్తా మోసే మనిషి అడుగు కింద ఏ కాంక్రీటూ పగలదు. ఇప్పుడు బరువు మనిషి వీపు మీంచి ఇనుప యంత్రం చక్రాల మీదికి మారింది. కట్టే పద్ధతి మాత్రం చాలాచోట్ల పాత అరుగు దగ్గరే ఉండిపోయింది.

భారీ పనికి డాక్ కట్టాలంటే ఏం కావాలని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు రెండు ముక్కలు: మందం పెంచండి, కాంక్రీటు గ్రేడు పెంచండి. రెండింటిలోనూ నిజం ఉంది, కానీ అది పూర్తి జవాబు కాదు. డాక్‌ను ఒక్కో భాగంగా చూసుకుంటూ పోతే, పగుళ్లు మొదలయ్యేవి ఎక్కువగా పని అయ్యాక కంటికి కనిపించని చోట్లేనని తేలుతుంది.

ఎంత ఎత్తు, ఏ వాలు

మొదటి నిర్ణయం ఎత్తు. పెద్ద లారీలు, కంటైనర్ బండ్ల కోసం డాక్‌ను సుమారు 1.2 మీటర్లు, అంటే నాలుగు అడుగుల ఎత్తులో కట్టడం వాడుక. కానీ మన రోడ్ల మీద బండ్లన్నీ ఒకే ఎత్తువి కావు. సరుకు నిండిన బండి కిందికి కుంగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ లేస్తుంది. ఈ తేడాను సర్దేది డాక్ లెవలర్, పైకీ కిందికీ కదిలే ఇనుప పలక. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1398 దాని వాలును 12.5 శాతానికి పరిమితం చేస్తుంది. ఆ లెక్కన రెండున్నర మీటర్ల లెవలర్ పైకైనా కిందికైనా సుమారు 31 సెంటీమీటర్లే సర్దగలదు. 1.2 మీటర్ల డాక్ దగ్గర 0.9 నుంచి 1.5 మీటర్ల తొట్టి ఉన్న బండ్లకు అది సరిపోతుంది. ఊళ్లోకి సరుకు తీసుకెళ్లే చిన్న ట్రాలీలు ఆ హద్దు కిందే మిగిలిపోతాయి. వాటికి విడిగా తక్కువ ఎత్తు అరుగో ర్యాంపో ముందే గీయకపోతే, కోట్లు పోసి కట్టిన డాక్ పక్కన మళ్లీ చెక్క పలకలు వేసి బస్తాలు దించే పరిస్థితి వస్తుంది.

రెండో నిర్ణయం, గోడౌన్ నేలను పైకి లేపాలా, లారీ నిలిచే చోటును కిందికి తవ్వాలా అన్నది. తవ్వితే మట్టి నింపే ఖర్చు మిగులుతుంది, గోడౌన్ నేల బయటి నేలతో సమంగా ఉంటుంది. కానీ తవ్విన చోటు వానకు చెరువవుతుంది. పైగా వాలు డాక్ వైపు ఉంటే లారీ వెనక పైభాగం డాక్ వైపు ఒరిగి గోడకు, షెడ్డుకు తగులుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ చూసిన నీళ్లను తలచుకుంటే, మోటారు పంపు మీద ఆధారపడే పల్లపు డాక్ వైపు మొగ్గడానికి మనసొప్పదు. స్థలం మరీ ఇరుకైతే తప్ప, నేల లేపి, ముందరి తలాన్ని గోడ నుంచి బయటికి ఒకటి రెండు శాతం వాలుగా కట్టడమే మన వానలకు నప్పుతుంది.

మోయాల్సిన బరువు

2018 జులైలో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితులు పెంచింది. నాలుగు చక్రాల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులున్నది 11.5 అయింది. మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. పెంపు పదమూడు శాతమే కదా అనిపిస్తుంది. అమెరికాలోని ఇల్లినాయిలో 1958-60 మధ్య జరిగిన ఆషో రోడ్డు పరీక్ష నుంచి ఇంజినీర్లు ఒక మోటు సూత్రం తీసుకున్నారు: రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఆ లెక్కన పదమూడు శాతం బరువు పెరిగితే నష్టం అరవై శాతం పెరుగుతుంది. 2018కి ముందు గీసిన డ్రాయింగును కాపీ చేసి ఇవాళ డాక్ ముందరి తలం వేస్తే, వేసిన రోజే అది చాలనిదవుతుంది.

లోపలి బరువు ఇంకో రకం. మూడు టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ సరుకుతో కలిపి ఏడున్నర టన్నుల దాకా తూగుతుంది. అందులో దాదాపు ఆరున్నర టన్నులు ముందు చక్రాల మీదే పడతాయి. ఆ చక్రాలు గట్టి రబ్బరువి, గాలి ఉండదు, నేలను తాకే వైశాల్యం చిన్నది. లారీ టైరు బరువును పరుస్తుంది, ఫోర్క్‌లిఫ్ట్ చక్రం గుచ్చుతుంది.

మూడోది దెబ్బ. వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. 28.5 టన్నుల లారీ గంటకు రెండు కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడక కంటే నెమ్మదిగా వచ్చిందనుకుందాం. రబ్బరు బంపర్ 25 మిల్లీమీటర్లు నొక్కుకుని ఆపితే సగటు తోపు సుమారు 18 టన్నులు. బంపర్ అరిగి ఊడిపోయి, బండి 5 మిల్లీమీటర్లలోనే ఆగాల్సి వస్తే 90 టన్నులు. లారీ చట్రం కూడా కొంత వంగుతుంది కనుక అసలు అంకె తగ్గొచ్చు, లెక్క చెప్పే పాఠం మాత్రం మారదు. డాక్ గోడను కాపాడే వాటిలో అన్నిటికంటే చవకైనది ఆ నల్ల రబ్బరు ముక్క. అరిగిన బంపర్‌ను వెంటనే మార్చడం కూడా నిర్మాణంలో భాగమేనని యజమానులు గుర్తించాలి.

నాలుగడుగుల గోడ

నాలుగడుగుల గోడే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. దీని వెనక ఉన్నది మామూలు మట్టి కట్ట కాదు. పొడి మొరం మట్టి ఒక్కటే అయితే 1.2 మీటర్ల గోడ మీద మీటరు పొడవుకు సుమారు 430 కిలోల తోపు ఉంటుంది. ఆ మట్టి పైన గోడౌన్ నేల, దాని పైన సరుకు ఉంటాయి. మొదటి శ్రేణి గోడౌన్ల నేలను చదరపు మీటరుకు ఐదు టన్నులకు రూపొందించడం వాడుక. ఆ బరువు గోడ దాకా పేరిస్తే అదనంగా మీటరుకు రెండు టన్నుల తోపు వస్తుంది. మట్టి తోపుకు ఇది దాదాపు ఐదింతలు. గోడను పడదోసే బలం లెక్కిస్తే, సరుకు వల్ల వచ్చేది మట్టి వల్ల వచ్చేదానికి ఏడింతలు. ప్రహరీ గోడకు వాడిన కడ్డీల పట్టికను ఇక్కడ వాడితే గోడ ఒరగడం ఆశ్చర్యం కాదు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వెనక మట్టి నీటితో నిండితే ఒక్క నీటి తోపే మీటరుకు 720 కిలోలు, పొడి మట్టి తోపు కంటే ఎక్కువ. గోడలో నీరు కారే గొట్టాలు, వాటి వెనక కంకర వడపోత పెట్టాలని డ్రాయింగులో ఉంటుంది. గొట్టాలు పెడతారు, కంకర మరిచిపోతారు. రెండు వానలకు మట్టి కొట్టుకొచ్చి గొట్టాలు పూడిపోతాయి. బయటి నుంచి చూసేవారికి గోడలో రంధ్రాలు సక్రమంగానే కనిపిస్తాయి.

కింద ఉన్న నేల

మన నేలలు రెండు రకాల పరీక్ష పెడతాయి. హైదరాబాద్ చుట్టూ ఎక్కువగా మొరం, దాని కింద గ్రానైట్ రాయి. ఇది మంచి నేలే, గోడౌన్ పూడ్చిన కుంట మీద పడితే తప్ప. గుంటూరు వైపు వెళ్తే లోతైన నల్లరేగడి. మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీలు, మిర్చి టిక్కీలతో (బస్తాలతో) నిండిన లారీలు, అన్నీ ఆ నేల మీదే. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. గోడౌన్ మధ్యలో నేల ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే తడిలో ఉంటుంది. తడి మారేది అంచున. డాక్ ఉండేది సరిగ్గా ఆ అంచునే. షెడ్డు నుంచి కారే వాన నీళ్లు కూడా అక్కడే పడతాయి. అందుకే రేగడి నేలల్లో గోడౌన్ లోపలి నేల బాగానే ఉండి, డాక్ దగ్గర మాత్రం లేచి పగులుతుంది.

దీనికి వైద్యం మన దేశంలోనే చాలా కాలంగా సాగుతోంది. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి, రేగడి పైన ఉబ్బని బంకమట్టి పొరను సుమారు మీటరు మందాన దట్టించి దాని లేపుడును అణచవచ్చని చూపారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున ఉబ్బెత్తు ఉండే అండర్ రీమ్డ్ పైళ్లను మన రేగడి కోసమే తీర్చిదిద్దింది. సున్నం కలిపి మట్టిని కుదుటపరచడం ఇంకో దారి. ఏది మేలన్న దాని మీద ఇంజినీర్లలో ఏకాభిప్రాయం లేదు. పైళ్ల మీద నిలిచే స్లాబ్ అన్నిటికంటే భద్రం, అన్నిటికంటే ఖరీదు. నా మొగ్గు ఇది: రేగడి లోతు తక్కువైతే తీసేసి మొరం నింపడం, లోతైతే గోడకూ లెవలర్ కూర్చునే గుంతలకూ పైళ్లు, మిగతా నేలకు ఉబ్బని మట్టి పొర. ఎందుకంటే గోడ, గుంత ఒక్క సెంటీమీటరు కదిలినా పని ఆగుతుంది. మిగతా నేల ఆ మాత్రం కదలికను భరిస్తుంది.

నేల మంచిదైనా, గోడ వెనక నింపిన మట్టి మనుషులు చేసిన నేల. 1933లో లాస్ ఏంజెలెస్‌లో ఆర్.ఆర్. ప్రోక్టర్ చెప్పిన సంగతి నేటికీ పునాది: ప్రతి మట్టికీ అది అత్యంత గట్టిగా దట్టుకునే ఒక తడి ఉంటుంది, ఎక్కువైనా తక్కువైనా దట్టదు. ఇరవై, ఇరవై ఐదు సెంటీమీటర్ల పొరలుగా పోసి, ఆ తడిలో రోలర్ తిప్పి, పొరపొరకూ పరీక్ష చేయాలి. గోడ పక్కన పెద్ద రోలర్ తిప్పితే గోడ ఒరుగుతుంది. అందుకని అక్కడ రోలర్‌ను ఆపేస్తారు. చిన్న యంత్రంతో పలుచని పొరలుగా దట్టాల్సిన ఆ మీటరు వెడల్పును వదిలేస్తారు. ఫోర్క్‌లిఫ్ట్ రోజంతా తిరిగేది సరిగ్గా ఆ మీటరు మీదే. డాక్ కుంగుబాటుకు నేను ఒక్క కారణమే చెప్పాల్సి వస్తే దీన్నే చెబుతాను.

స్లాబ్: మందమా, గ్రేడా?

నేల మీద పరిచిన కాంక్రీటు పలక లెక్కకు ఆధారం 1926లో వెస్టర్‌గార్డ్ అనే ఇంజినీరు ఇచ్చారు. బరువు స్లాబ్ మధ్యలో పడితే ఒత్తిడి తక్కువ, అంచున, మూలలో ప్రమాదకరంగా ఎక్కువ అని ఆయన సూత్రాలు చూపుతాయి. మన భారత ప్రమాణం ఐఎస్ 456 భవనాల కాంక్రీటుకు పెద్ద దిక్కు. గోడౌన్ నేలల కోసం మాత్రం మన ఇంజినీర్లు ఎక్కువగా బ్రిటన్ కాంక్రీట్ సొసైటీ వారి టీఆర్ 34ను, అమెరికా వారి ఏసీఐ 360ను ఆశ్రయిస్తారు.

ఇప్పుడు మందం, గ్రేడుల వాదన లెక్కలోకి తెద్దాం. 150 మిల్లీమీటర్ల స్లాబును 200 చేస్తే కాంక్రీటు మూడో వంతు పెరుగుతుంది. వంపును తట్టుకునే శక్తి మాత్రం మందం వర్గంతో పెరుగుతుంది కనుక దాదాపు 78 శాతం ఎక్కువవుతుంది. గ్రేడును ఎం 25 నుంచి ఎం 40కి పెంచితే, ఐఎస్ 456 సూత్రం ప్రకారం వంపు బలం సుమారు 26 శాతమే పెరుగుతుంది. కాబట్టి బరువు మోయడానికి మందం గెలుస్తుంది, అరుగుదలను తట్టుకోవడానికి గ్రేడు గెలుస్తుంది. నేల సంగతేమిటి? వెస్టర్‌గార్డ్ లెక్కలో నేల గట్టిదనం రెట్టింపైనా ఒత్తిడి కొద్దిగానే తగ్గుతుంది. దీన్ని చూపి నేల ముఖ్యం కాదనేవాళ్లున్నారు. అది తొందరపాటు. ఆ సూత్రం నేల అంతటా ఒకేలా ఉందని ముందే అనుకుంటుంది. ఒకచోట గట్టిగా, మరోచోట మెత్తగా ఉంటే స్లాబ్ కింద ఖాళీ ఏర్పడుతుంది, సూత్రం అక్కడితో ఆగిపోతుంది. నేలకు కావలసింది అమితమైన గట్టిదనం కాదు, సమానమైన గట్టిదనం.

ఇనుప జాలీయా, ఉక్కు పోగులా అన్నది మరో వాదన. కాగితం మీద జాలీ స్లాబ్ పైభాగానికి దగ్గరగా ఉంటుంది. సైట్లో దాని మీద నడిచి, కాంక్రీటు పోసేసరికి అది అడుగుకు చేరుతుంది. అక్కడ అది ఎండు పగుళ్లను ఆపలేదు. కాంక్రీటులో కలిపే ఉక్కు పోగులకు ఆ తిప్పలు లేవు. కానీ అవి జాయింట్ల దగ్గర ఒక పలక నుంచి పక్క పలకకు బరువు దాటించే డవెల్ కడ్డీల పని చేయలేవు. పోగులు వేశాం కదా అని డవెళ్లు మానేయడం తప్పు.

జాయింట్లు, అంచు

కాంక్రీటు ఎండుతూ ముడుచుకుంటుంది, అది ఎలాగూ పగులుతుంది. ఎక్కడ పగలాలో మనం చెప్పడమే జాయింట్. 200 మిల్లీమీటర్ల స్లాబుకు నాలుగున్నర నుంచి ఐదు మీటర్ల గడులు, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు కోత. పోసిన కొద్ది గంటల్లోనే, సాధారణంగా అదే రోజు కోయాలి. మర్నాడు పొద్దున మిషన్ తెప్పిద్దామనుకుంటే, మన వేసవిలో కాంక్రీటు రాత్రే తనకు నచ్చిన దారిలో చీలి ఉంటుంది. గోడ, స్తంభం, లెవలర్ గుంత చుట్టూ స్లాబును విడదీసే జాయింట్ ఉండాలి. గుంత మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు దాదాపు ఎప్పుడూ ఇది లేకనే వస్తాయి.

అంచున, లెవలర్ గుంత చుట్టూ, ఇనుప యాంగిల్ పెట్టి దాన్ని కాంక్రీటులోకి కడ్డీలతో గట్టిగా దిగేయాలి. వెస్టర్‌గార్డ్ ప్రమాదమని చెప్పిన చోటునే ఫోర్క్‌లిఫ్ట్ వందలసార్లు దాటుతుంది. కాంక్రీటు గట్టిపడ్డాక రంధ్రాలు తొలిచి బిగించిన యాంగిల్ ఊగుతుంది, కింద కాంక్రీటు పొడి అవుతుంది. గుంత కొలతలు కొద్ది మిల్లీమీటర్లు తప్పినా లెవలర్ కూర్చోదు, అప్పుడు అంచును పగలగొడతారు. అందుకే లెవలర్ అమ్మేవాడి డ్రాయింగు గుంత పోయకముందే సైట్లో ఉండాలి.

నీళ్లు, ఎండ, ఓపిక

కాంక్రీటు బలం మొదట నీళ్ల లెక్క. తీవ్ర పరిస్థితులకు ఐఎస్ 456 ఎం 30 గ్రేడు, సిమెంటు బరువులో 0.45 వంతుకు మించని నీళ్లు అడుగుతుంది. మధ్యస్థ పరిస్థితులకు ఎం 25, 0.50. ఘనమీటరుకు 350 కిలోల సిమెంటున్న ఆరు ఘనమీటర్ల రెడీమిక్స్ బండి వచ్చిందనుకోండి. కాంక్రీటు గట్టిగా ఉందని మేస్త్రీ చెప్పగా డ్రైవర్ వంద లీటర్లు పోస్తే 0.45 కాస్తా 0.50కి చేరుతుంది. డబ్బు పెట్టి కొన్న ఒక తరగతి కాంక్రీటు అక్కడికక్కడే కింది తరగతికి జారిపోయినట్టే. పని సులువు కావాలంటే నీళ్లు కాదు, ప్లాంటు వాళ్లు లెక్కకట్టి ఇచ్చిన రసాయనం వాడాలి. పైకి తేలిన నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లి నున్నగా తిప్పే అలవాటు కూడా మానాలి. ఆ పొర ఏడాదిలోపే దుమ్ముగా లేచిపోతుంది.

తర్వాత తడి. సాధారణ సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిసినా, వేడి పొడి వాతావరణమైనా కనీసం పది రోజులు తడి నిలపాలని ఐఎస్ 456 చెబుతుంది. మనం వాడేది ఎక్కువగా కలిపిన సిమెంటే, మన వేసవి పొడి వేసవే. రెండు కారణాలూ మనకు వర్తిస్తాయి. పొద్దున్నా సాయంత్రం పైపుతో నీళ్లు కొట్టడం తడి నిలపడం కాదు. గోనెపట్టాలు కప్పి, వాటిని ఆరనివ్వకుండా చూడాలి. విశాఖ తీరంలో ఉప్పు గాలి ఇనుమును తింటుంది కనుక, కడ్డీల పైన కవర్ మందం విషయంలో రాజీ పడకూడదు.

డాక్ ముందు లారీ నిలిచే తలం సంగతి కూడా ఇక్కడే. ఖర్చు తగ్గుతుందని దాన్ని తారుతో వేస్తారు. నిలిచి ఉన్న బరువు కింద మన ఎండకు తారు మెత్తబడి గుంట పడుతుంది, కారిన డీజిల్ తారును కరిగిస్తుంది. గుంటలో చక్రం దిగితే బండి ఎత్తు మారుతుంది, లెవలర్ లెక్క తప్పుతుంది. కనీసం బండి నిలిచినంత పొడవు కాంక్రీటే ఉండాలి.

ఎవరు భరిస్తారు?

డాక్ చెడితే దాని బరువు మళ్లీ మనిషి మీదికే వస్తుంది. లెవలర్ పనిచేయని రోజు ఫోర్క్‌లిఫ్ట్ ఆగిపోతుంది, హమాలీలు చెక్క పలక మీద బస్తాలు మోస్తారు. వయోజన పురుషుడు మోయదగ్గ బరువుకు అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 సిఫార్సు 55 కిలోల గరిష్ఠ హద్దు పెట్టింది. మన యాభై కిలోల బస్తా ఆ హద్దుకు అంగుళం దూరంలో ఉంది. ఊగే పలక మీద, పగిలిన అంచు పక్కన ఆ బరువు మోయడం మరింత కష్టం. చక్రాల కింద అడ్డు పెట్టే చోటు, అంచున పసుపు గీత, రాత్రి వెలుతురు, మెట్లకు రెయిలింగు కూడా డాక్ నిర్మాణంలో భాగమే. ఇవన్నీ కలిపినా స్లాబ్ ఖర్చు ముందు చిన్నవే.

మొత్తం చూస్తే, వాదనలు మిగిలినవి పరికరాల మీద: పోగులా జాలీయా, పైళ్లా పొరలా. మూలం మీద వాదన లేదు. సమంగా దట్టిన మట్టి, సరుకు బరువు లెక్కలోకి తీసుకున్న గోడ, నీటికి దారి, సమయానికి కోసిన జాయింట్లు, కాంక్రీటులోకి దిగిన యాంగిల్, పది రోజుల తడి. వీటిలో జాయింట్లు, తడి తప్ప మిగతావన్నీ చివరి బిల్లు నాటికి మట్టిలోనో కాంక్రీటులోనో పూడిపోయి ఉంటాయి. చివరి బిల్లుకు కొలిచేది మాత్రం పైన కనిపించే స్లాబునే.

అందుకే నేను యజమానులకు చెప్పేది ఒక్కటే. చెల్లింపుల పద్ధతి మార్చండి. మట్టి పొరల పరీక్షకు ఒక వాయిదా, గోడ వెనక కంకర వేశాక ఒక వాయిదా, కడ్డీలూ యాంగిలూ కట్టాక, కాంక్రీటు పోయకముందే, ఒక వాయిదా ఇవ్వండి. ఆ మూడు రోజులూ మీరో మీ ఇంజినీరో గుంతలోకి దిగి, ఫొటో తీసి, సంతకం పెట్టండి. కాంక్రీటు పోసే రోజు పండగలా రావడం అందరూ చేసేదే. గోడ పక్కన వదిలేసిన ఆ మీటరు వెడల్పు మట్టిని చిన్న యంత్రంతో దట్టే రోజున మీరు అక్కడ ఉంటే, తర్వాత ఏ లారీ వచ్చి ఆనుకున్నా ఆ అరుగు కదలదు.